తోడల్లుడి కారు సంగతి తర్వాత, ముందు మీ ఆవిడతో మాట్లాడండి

ప్రశ్న: నా వయసు 37. ఉండేది విశాఖ సీతమ్మధార. గోల్ఫ్ కోర్సులు డిజైన్ చేస్తాను. ఏడాదిలో సగం వేరే రాష్ట్రాల సైట్లలోనే ఉంటాను. బిల్లులు ఎప్పుడొస్తాయో తెలియదు. స్టీల్ ప్లాంటులో రిటైరైన నాన్నగారే ఏడాదిగా మా ఫ్లాటు ఈఎంఐ కడుతున్నారు. ఈ సంగతి నా భార్యకు తెలియదు. పెళ్లిచూపుల్లో మావయ్య ‘మావాడు పెద్దపెద్దవాళ్లతో గోల్ఫ్ ఆడతాడు’ అంటే నేను కాదనలేదు. ఇప్పుడు తోడల్లుడి కారు, ఇల్లు చూపించి దెప్పుతోంది. ఈ పోలికలు మాన్పించడం ఎలా?

జవాబు: తోడల్లుడి గురించి నేనేమీ చెప్పను. కారు కనిపిస్తే ఎవరైనా అంటారు. ఆవిడకు కనిపించేది అదొక్కటే మరి. మీ కష్టం ఎక్కడ కనిపించింది?

మీ పని గురించి నాకు రెండు పేజీలు రాశారు. ఇక్కడ కుదించాం గానీ, చదువుతుంటే మనసు చివుక్కుమంది. మే నెల ఎండలో సర్వేవాళ్ల వెంట తిరగడం. వాన పడితే నీళ్లు ఎటు పారతాయో చూడటానికి బురదలో నిలబడటం. బంతి పడే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చికను గ్రీన్ అంటారట, ఒక్కో గ్రీన్ కింద చిల్లుల పైపులు, వాటి మీద 10 సెంటీమీటర్ల గులకరాళ్లు, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక, ఇంతా చేస్తే బయటికి కనిపించేది గడ్డి మాత్రమే. 18 హోల్స్ (గుంతలు) ఉండే కోర్సుకి 150 ఎకరాల దాకా కావాలి. యజమానేమో మంచి జాగా విల్లాలకు ఉంచుకుని, ప్లాను మళ్లీ గీయమంటాడు. గడ్డి పట్టాకే ఆఖరి డబ్బులంటాడు, అది పట్టడానికి నెలలు. ముక్కూమొహం తెలియని నాకు ఇంత విడమరచి చెప్పారే, పక్కనున్న మనిషికి ఒక్క ముక్కైనా చెప్పారా? ఆవిడ ఊహలో మీరు ఇప్పటికీ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో తెల్లటోపీ పెట్టుకుని తిరిగే మనిషే. మావయ్య అన్నమాటకు ఆ రోజు తలూపింది మీరు.

సంపాదన తగ్గడం మగవాడికి తలవంపులని నేను అనుకోను. కోడలికి తెలియకుండా మామగారు ఇల్లు మోయడం మాత్రం తప్పే. షిఫ్టులు చేసి కూడబెట్టిన డబ్బు, దాని మీద వచ్చే వడ్డీ మీ అమ్మానాన్నల మందులకు, పండక్కీ పబ్బానికీ ఉండాలి. రేపు ఎవరో చుట్టాల నోట ఈ సంగతి వింటే ఆవిడకు డబ్బు పోయినందుకు కాదు, మిమ్మల్నందరినీ నమ్మినందుకు కడుపు మండుతుంది. ఇంటి కోడలికి లెక్క దాచిన ఇంట్లో ఆవిడ పరాయిదే కదండీ!

పని మానేయాలా అని మీరు అడగలేదు. సంతోషం. మానక్కర్లేదు.

బీచ్ రోడ్డుకు తీసుకెళ్లి నెమ్మదిగా చెబుదామని చూడకండి. ఇంట్లోనే, పిల్లలు పడుకున్నాక, రావాల్సిన బిల్లులు, బ్యాంకు కాగితాలు, నాన్నగారు కట్టిన మొత్తం ముందు పెట్టి చెప్పండి. అప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోకండి, తప్పంతా తనమీద వేసుకుంటారు. ఆవిడ కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు, పుట్టింటికి వెళతాననొచ్చు. బతిమాలండి, కానీ మళ్లీ అబద్ధం చెప్పకండి. కోపం తగ్గాక వచ్చే నెల ఈఎంఐ ఎలా కట్టాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆవిడ ఉద్యోగం చేస్తానంటే అడ్డు చెప్పకండి. ఈలోగా బ్యాంకుకు వెళ్లి, వాయిదా నాన్నగారి అకౌంట్లో కట్ కాకుండా మార్పించుకు రండి.