సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఎలక్ట్రిక్ కారులో అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ (ముందు బండిని బట్టి కారు వేగాన్ని తానే తగ్గించి, పెంచే ఏర్పాటు) తీరు మారుతుందా?

మారొచ్చు. రాడార్, కెమెరా పాతవే అయినా, ముందు బండికి ఎంత దూరం ఉంచాలో, బ్రేక్ ఎప్పుడు వేయాలో లెక్కగట్టేది సాఫ్ట్‌వేరే. ఉదాహరణకు, వరంగల్–హైదరాబాద్ 163వ జాతీయ రహదారిపై జనగామ దగ్గర ఒక బైకు సందు చూసుకుని మీ ముందుకు దూరిందనుకోండి. పాత వెర్షన్‌లో కుదుపుతో పడిన బ్రేక్ కొత్తదాంట్లో మెల్లగా పడొచ్చు. ఒక్కోసారి దీనికి ఉల్టాగా కూడా జరుగుతుంది!

అప్‌డేట్ అయింది కాబట్టి ఇక అన్నీ కారే చూసుకుంటుందనుకోవడం పొరపాటు. బోర్డులు, వంతెనలు చూసి ఊరికే ఆగిపోకుండా చాలా కార్లలో కదలని వస్తువుల రాడార్ సంకేతాలను వడకట్టి పక్కన పెడతారు. అందుకే చీకట్లో లైట్లు లేకుండా ఆగి ఉన్న పత్తి ట్రాక్టర్‌ను అది ఆలస్యంగా గుర్తించొచ్చు, అసలు గుర్తించకపోవచ్చు కూడా. రాడార్ మీద బురద పేరుకుంటే మాత్రం కావాల్సింది అప్‌డేట్ కాదు, తడిగుడ్డ.