దేవుడి చేతకానిది ఏమిటో వెతుకు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. గ్రీకు దేవతలుండే ఒలింపస్ కొండ మీద మబ్బులు, వాళ్ళ రాజు జ్యూస్ చేతిలో పిడుగు, గుండెల్లో ప్రేమ, అన్నీ ఉన్నాయి గానీ ఆయన ఎక్కడా మనిషిలా అనిపించలేదు. కోరిందల్లా దొరికేవాడు ప్రేమించానంటే మనకేం పట్టింది చెప్పు? పైగా నువ్వు తీసుకున్నది యూరోపా కథ. ఎద్దు వేషంలో వచ్చి ఓ అమ్మాయిని సముద్రం దాటించి ఎత్తుకుపోవడాన్ని ప్రేమ అనడానికి నాకైతే నోరు రాదు. నువ్వూ అనొద్దు.

అదే జ్యూస్‌ని హోమర్ కావ్యం ఇలియడ్ 16వ భాగంలో చూడు. కొడుకు సార్పెడాన్ ట్రాయ్ యుద్ధంలో గ్రీకు వీరుడు పాట్రోక్లస్ చేతిలో చావబోతున్నాడు, ఆ సంగతి తండ్రికి ముందే తెలుసు. బతికుండగానే ఎత్తుకెళ్ళి సొంత దేశం లిసియాలో దింపేయనా, లేక చావనివ్వనా అని తేల్చుకోలేక భార్య హేరా దగ్గర తన గోడు చెప్పుకుంటాడు. దేవతలందరికీ రాజు, భార్య ముందు అలా తల్లడిల్లుతున్నాడు! నువ్వు నీ కొడుకుని తప్పిస్తే రేపు మిగతా దేవుళ్ళూ తమ కొడుకుల్ని తప్పించుకోవాలని చూడరా, చాలామంది పిల్లలు అక్కడే పోరాడుతున్నారు కదా అంటుంది ఆవిడ. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. నేల మీద నెత్తుటి చినుకులు కురిపిస్తాడు, అంతే. కొడుకు పోయాక అపోలో దేవుణ్ణి పంపి ఒంటి మీద రక్తం కడిగించి, నిద్ర, మృత్యువు అనే కవలల చేత శవాన్ని లిసియాకి చేరుస్తాడు. ఏడ్చాడని హోమర్ ఎక్కడా చెప్పడు, గమనించావా?

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: ఉషస్సుకి దేవత ఈయోస్ కథ. హోమర్ పేరు మీద ఉన్న, ప్రేమ దేవత అఫ్రొడైట్ స్తోత్రంలో వస్తుంది. టిథోనస్ అనే మనిషిని ప్రేమించి, అతనికి చావు లేకుండా చెయ్యమని జ్యూస్‌ని అడిగింది, యవ్వనం కూడా ఇవ్వమని అడగడం మర్చిపోయింది. అతని జుట్టులో, గడ్డంలో మొదటి తెల్ల వెంట్రుకలు కనిపించగానే పక్క మీదికి రావడం మానేసింది. కానీ ఇంట్లోంచి పంపేయలేదు. తిండి పెట్టింది, మంచి బట్టలు ఇచ్చింది, చూసుకుంది. చివరికి కాలూ చెయ్యీ కదపలేని స్థితి వచ్చాక ఒక గదిలో పడుకోబెట్టి తలుపులు మూసేసింది. లోపల అతని గొంతు మాత్రం ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది. మంచాన పడ్డ పెద్దవాళ్ళున్న ఇల్లు ఎరిగినవాళ్ళకి ఆ తలుపు ఎలాంటిదో తెలుస్తుంది. ఆమె మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పకుండా ఆ కవి ఊరుకున్నాడే, అది నేర్చుకో.

నేను చెప్పేది ఇదే. దేవుడు మనిషిలా కనబడాలంటే అతని చేతకానిదేదో దగ్గరికి ప్రేమ అతన్ని ఈడ్చుకురావాలి. అక్కడికి వచ్చాక అతను ఏం చేశాడో రాయి, ఎంత బాధపడ్డాడో రాయకు. నీ రెండో పేజీ నిండా 'అనంతమైన వేదన' లాంటి మాటలే ఉన్నాయి, అవన్నీ కొట్టేయ్.

యూరోపాని పక్కనపెట్టి ఈయోస్ మీద ఒక్క సీన్ రాయి. తలుపు మూసిన మర్నాడు కూడా ఆవిడ లేచి లోకానికి వెలుగు తేవాలి కదా, ఆ డ్యూటీకి సెలవు లేదు. బయల్దేరేటప్పుడు ఆ గది ముందు నుంచే వెళ్ళిందా, చుట్టూ తిరిగి వెళ్ళిందా? మూడు పేజీలు చాలు, టెన్షన్ పడకుండా రాసి పంపు.