తెగే చోటు చూపించు

చిరంజీవికి,

క్వాంటం గురుత్వం మీద నువ్వు రాస్తున్న పుస్తకం రాతప్రతిలో మొదటి మూడు అధ్యాయాలూ చదివాను. 'సాధారణ సాపేక్షతకూ (ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతానికీ) క్వాంటం సిద్ధాంతానికీ పొసగదు' అని మొదలుపెట్టావు. పరిశోధనలోకి అడుగుపెడుతున్న వాళ్లు ఆ మాట ఈపాటికే వందసార్లు విని ఉంటారు. ఏ శక్తి దగ్గర, ఏ లెక్కలో పొసగదో చెప్పినవాళ్లే తక్కువ. నువ్వు అక్కణ్ణుంచే ఎత్తుకో.

1936లో సోవియట్ భౌతికవేత్త మాత్వే బ్రాన్‌స్టైన్ లేవనెత్తిన చిక్కు ఉంది కదా, దాన్ని ఈనాటి భాషలో పెట్టు. మరీ చిన్న దూరాన్ని కొలవాలంటే అంతకంతా పొట్టి తరంగం కావాలి, అంటే ఎక్కువ శక్తి కావాలి. శక్తి పెరిగేకొద్దీ దాని ష్వార్జ్‌షిల్డ్ వ్యాసార్ధమూ (అంతలోకి కుదిస్తే కృష్ణబిలమైపోయే హద్దు) పెరుగుతుంది. చివరికి చూడబోయిన చోటునే కృష్ణబిలం మింగేస్తుంది. తరంగం పొడవూ, ఈ వ్యాసార్ధమూ సమానమయ్యేది 10⁻³⁵ మీటర్ల స్థాయిలో. ఈ అంకె నువ్వు చెప్పకు, వాళ్లచేతే రాబట్టించు. రెండు లైన్ల పని. (బ్రాన్‌స్టైన్‌ను 1938లో, స్టాలిన్ కాలంలో, 31 ఏళ్ల వయసులో కాల్చి చంపారు. పాదసూచికలోనైనా ఆ సంగతి ఉండాలి.)

రీనార్మలైజేషన్ (లెక్కల్లో వచ్చే అనంతాలను కొన్ని స్థిరాంకాల్లో సర్దేసే పద్ధతి) దగ్గర తొందరపడ్డావు. ħ, c లను 1గా తీసుకుంటే న్యూటన్ స్థిరాంకానికి ద్రవ్యరాశి వర్గానికి విలోమమైన మితి ఉంది కనుక లూప్ (క్వాంటం సవరణల్లో ఒక్కో అంచె) పెరిగిన ప్రతిసారీ కొత్త రకం అనంతాలు రావచ్చు. ఇది ఆశంక మాత్రమే, రుజువు కాదు. 1974లో టి హూఫ్ట్, వెల్ట్‌మన్ లెక్క కట్టి చూస్తే, పదార్థం లేని గురుత్వంలో ఒక లూప్ దాకా గండం గడిచింది. పదార్థాన్ని కలపగానే అనంతాలు తిరిగొచ్చాయి. పదార్థం లేకపోయినా రెండో లూప్‌లో తప్పించుకోలేమని 1985-86లో గోరాఫ్, సన్యోట్టి తేల్చారు. వాళ్లకు తేలిన గుణకంలో 209/2880 అనే భిన్నం ఉంటుంది. దాన్ని అచ్చులో చూపించు. 'అనంతం' అని పది సార్లు రాసినా అంత గట్టిగా తగలదు.

మూడో అధ్యాయంలో 'గురుత్వాన్ని క్వాంటీకరించలేం' అన్నావు. కొట్టెయ్. ఒకప్పుడు నేనూ అలాగే రాసి, తర్వాత నాలుక కరుచుకున్నాను. తక్కువ శక్తుల్లో అది ప్రభావక క్షేత్ర సిద్ధాంతంగా (ఒక శక్తి హద్దు లోపల మాత్రమే చెల్లే సిద్ధాంతంగా) చక్కగా పనిచేస్తుంది. న్యూటన్ పొటెన్షియల్‌కు వచ్చే క్వాంటం సవరణను ఎలా లెక్కించవచ్చో 1994లో డొనహ్యూ చూపించాడు. ఒక మీటరు దూరంలో ఆ సవరణ 10⁻⁷⁰ వంతు స్థాయిలో ఉంటుంది. కొలిచే దారి లేదు, నిజమే. కానీ సిద్ధాంతం తెగేది ప్లాంక్ శక్తి (పైన చెప్పిన అతిచిన్న దూరాన్ని కొలవడానికి కావలసినంత శక్తి) దగ్గర, అంతకు చాలా కింద కాదు. ఈ మాట ముందే చెబితే గురుత్వానికి క్వాంటం రూపమివ్వజూసే తీగ సిద్ధాంతమైనా, లూప్ గురుత్వమైనా దేనికి జవాబు వెతుకుతోందో వాళ్లకు అర్థమవుతుంది. ఒక పక్షం వహించి రాయకు. ఎవరు దేన్ని వదులుకుంటున్నారో రాస్తే చాలు.

కృష్ణబిలాల అధ్యాయం ఇంకా చూడలేదు. కృష్ణబిలాలు వికిరణం వెదజల్లుతాయని చూపిన హాకింగ్ 1974 లెక్కలో స్థలకాలం క్లాసికల్‌గానే ఉంది, దాని మీది క్షేత్రాలే క్వాంటం. ఆ తేడా అందులో చెప్పావో లేదో ఓసారి చూసుకో. ఈలోగా మొదటి అధ్యాయం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన