సంతకం పెట్టమంటున్నాడు, ఏం చేయను?

ప్రశ్న: మేం పెన్సిల్వేనియాలో స్థిరపడ్డాం. మా అబ్బాయి పన్నెండో తరగతి, స్కూలు కుస్తీ జట్టులో నాలుగేళ్లుగా ఆడుతున్నాడు. చెవులు వాచి గడ్డకట్టుకుపోతే చూడలేక, మేమిద్దరం ఒక్క పోటీకీ వెళ్లలేదు. ఇప్పుడు కాలేజీ వద్దు, సైన్యంలో సిపాయిగా చేరతానంటున్నాడు. పదిహేడేళ్లే కనుక మా సంతకాలు కావాలట. మావారు వాడితో మాట్లాడటం మానేశారు. నాకు తిండి సహించడం లేదు.

జవాబు: అమ్మా, కన్నబిడ్డ తుపాకి పడతానంటే ఏ తల్లికైనా గుండె జారుతుంది. కానీ సంతకం బిగపట్టి లాభం లేదు. పద్దెనిమిది నిండితే దానితో పనే ఉండదు. అప్పుడు మీకు చెప్పకుండా వెళ్లిపోతాడు. నాకు అదే ఎక్కువ భయంగా ఉంది.

మీరు చూడలేకపోయిన ఆ చెవులే అతని నాలుగేళ్ల కష్టం. పోటీకి ముందు బరువు చూసే రోజు, బరువు పెరగకూడదని మీరు వండింది తినకుండా వెళ్లి, ఆరు నిమిషాల కుస్తీలో ఒళ్లు హూనం చేసుకుని వచ్చేవాడు. ఇంట్లో పంచుకునేవారు లేక గెలుపోటములన్నీ కోచ్‌తోనూ జట్టుతోనూ చెప్పుకుని ఉంటాడు. మార్చిలో రాష్ట్ర పోటీలు అయిపోతే ఆ లోకమూ ఉండదు. కాలేజీలో కుస్తీ కొనసాగించగలిగేవారు కొద్దిమందే. అతను కోరుకుంటున్నది సైనిక జీవితమా, చేజారుతున్న జట్టుకు బదులు మరో జట్టా? నిలదీయకుండా, నింపాదిగా అడగండి.

నిజంగా సైన్యమే కావాలంటే దారులు చాలా ఉన్నాయి. కాలేజీలో చదువుతూనే ఆర్‌ఓటీసీ అనే సైనికాధికారుల శిక్షణ పూర్తిచేసి ఆఫీసరు కావచ్చు, దానికి స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. అమెరికా పౌరుడైతే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి ప్రయత్నించవచ్చు. అక్కడ కుస్తీ జట్టు ఉంది, కానీ అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుల వంటివారి నామినేషన్ కావాలి, చాలా ముందుగా దరఖాస్తు చేయాలి. సిపాయిగానే వెళ్తానంటే ఒప్పందాన్ని ముగ్గురూ కూర్చుని అక్షరం వదలకుండా చదవండి. క్రియాశీల సేవ, పిలిస్తే వెళ్లాల్సిన రిజర్వు కలిపి మొత్తం ఎనిమిదేళ్ల బాధ్యత ఉంటుంది. సైన్యంలో చేర్చుకునే రిక్రూటర్ నోటిమాటగా ఇచ్చిన హామీ చెల్లదు, కాగితం మీద ఉన్నదే లెక్క. ముందే సంతకం చేసి తర్వాత శిక్షణకు వెళ్లే పద్ధతిలో చేరితే, బయలుదేరేలోపు మనసు మారినవారు వెనక్కి రావచ్చు. కుస్తీలో తగిలిన పాత దెబ్బలేవీ వైద్య పరీక్షలో దాచకూడదని గట్టిగా చెప్పండి.

మీవారి మౌనం కోపం కాదు, భయమే అనుకుంటాను. ఆ మాట ఆయన నోటితోనే కొడుకు వినాలి. సీజను ముగియకముందే ఆయన్ని వెంటబెట్టుకుని ఒక్క పోటీకైనా వెళ్లండి. ఓడినా గెలిచినా బయటికొచ్చాక కొడుకును ముందుగా పలకరించేది ఆయనే కావాలి. కాగితాల సంగతి ఆ తర్వాత ఎత్తండి.

తిండి సహించకపోవడం ఇలాగే ఇంకో వారం, పది రోజులు సాగితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.