తిన్నవాళ్లు సరే, తిననివాళ్లను అడిగారా?

ఆహారం వల్ల ప్రబలే జబ్బుల మూలాలు వెతికే బృందంలో చాలాకాలం పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త పాఠకుల సందేహాలకు జవాబులిస్తారు.

ప్రశ్న: ఈమధ్య 21 మందిమి ఒకచోట కలిసి భోంచేశాం. మూడో రోజుకల్లా 9 మందికి కడుపునొప్పి, విరేచనాలు. ఆ తొమ్మిదిలో ఎనిమిది మంది మాంసం కూర తిన్నవాళ్లే. ఇంకేముంది, తప్పు కూరదేనని అందరూ తేల్చేశారు. వండింది నేను. రెండు గంటలు పొయ్యి మీద కుతకుత ఉడికిన కూర అది. ఈ నింద పోయే దారేమైనా ఉందా మేడమ్? ఎవరెవరు ఏం తిన్నారో రాసి పంపుతున్నాను.

జవాబు: దారి మీరు పంపిన కాగితంలోనే ఉంది. మీవాళ్లు సగం లెక్కే చూశారు. జబ్బుపడ్డవాళ్లు ఏం తిన్నారని ఆరా తీశారు గానీ, నిక్షేపంగా తిరుగుతున్న ఆ పన్నెండు మంది ఏం తిన్నారో ఎవరికీ పట్టలేదు.

మీ కూర తిన్నవాళ్లు 19 మంది, వాళ్లలో పడకేసింది 8. అంటే నూటికి 42. తిననివాళ్లు ఇద్దరు, వాళ్లలో ఒకరికి జబ్బు. నూటికి 50. తిన్నా, తినకపోయినా పెద్ద తేడా లేదు. ఇక పచ్చి ఆకుల సలాడ్ చూడండి. తిన్నవాళ్లు 11, పడకేసింది 8: నూటికి 73. తిననివాళ్లు 10, జబ్బు ఒక్కరికే: నూటికి 10. రెండు చోట్లా జబ్బుపడ్డవాళ్ల అంకె అదే ఎనిమిది. మొత్తం తిన్నవాళ్ల అంకె మారేసరికి కథ అడ్డం తిరిగింది. దాదాపు అందరూ కూర తిన్నారు కనక జబ్బుపడ్డవాళ్లలోనూ కూర తిన్నవాళ్లే కనబడ్డారు. మంచినీళ్లు తాగినవాళ్లను లెక్కపెట్టి ఉంటే తొమ్మిదికి తొమ్మిదీ దొరికేవారు!

సలాడ్ ముట్టకుండానే జబ్బుపడ్డ ఆ ఒక్కరి మాటేమిటంటారా? ఆకులు తరిగిన కత్తితోనే ఇంకేదో కోసి ఉండొచ్చు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఒక ముక్క నోట్లో వేసుకుని మరిచిపోయి ఉండొచ్చు. ఇలాంటి ఒకరిద్దరు ప్రతి లెక్కలోనూ తగులుతారు.

అయితే 21 మందితో తేలేది గట్టి అనుమానమే, రుజువు కాదు. ఈ కాగితం పట్టుకుని సలాడ్ చేసినవాళ్ల మీదికి వెళ్లకండి. సాగునీటి నుంచో, పశువుల పేడ నుంచో క్రిమి పొలంలోనే ఆకుకి అంటుకుని ఉంటే ఆ వండేవాళ్లకేం తెలుస్తుంది? ఆకు మడతల్లో చిక్కుకున్న క్రిమిని కడిగినా పూర్తిగా వదిలించలేం. మీ కూరకి ఉన్న రక్షణ, అదే ఆ పొయ్యి, సలాడ్‌కి లేదు.

చివరిగా తిన్నదే కారణమనుకోవడం కూడా పొరపాటే. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా తిండితో లోపలికి వెళ్లాక జబ్బు బయటపడటానికి 6 గంటల నుంచి 6 రోజులు పడుతుంది. ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియాలో ఓ157 రకం సాధారణంగా 3, 4 రోజులు తీసుకుంటుంది. కాలేయానికి సోకే హెపటైటిస్ ఏ వైరస్ అయితే 15 నుంచి 50 రోజులు. మలపరీక్షలో క్రిమి పేరు తేలితే ఎన్ని రోజులు వెనక్కి తవ్వాలో తెలుస్తుంది. అందుకే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వమని మేం పోరుతుంటాం.

ప్రశ్న: 2011లో జర్మనీలో ఈ.కోలై ప్రబలినప్పుడు ముందు కీరా అన్నారు, తర్వాత మొలకలన్నారు. ఆ మొలకల్లో క్రిమి అసలు దొరకనే లేదని చదివాను. మరి ఇది ఊహ కాక ఏమిటి?

జవాబు: మీ కోపం అర్థమైంది. ఆ రోజుల్లో నాకూ వచ్చింది, కాకపోతే వేరే కారణానికి.

ముందు నా అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోన్లో రోగులను అడిగే పని నాది. ఒకావిడ "పచ్చివి నేను తిననే తినను" అని రెండుసార్లు ఖరాఖండిగా చెప్పింది. మూడోసారి ప్రశ్న మార్చి, "ప్లేటు మీ ముందు పెట్టినప్పుడు ఎలా ఉంది?" అన్నాను. కాస్త ఆగి, "పైన పచ్చగా ఏదో చల్లారు. పక్కకి తోసేశాను... కొంచెం తినే ఉంటాను" అంది. అలా పైన చల్లింది మనుషుల లెక్కలో తిండి కాదు. అందుకే గుర్తుండదు.

జర్మనీలో జరిగింది అదే, కాకపోతే ఒక దేశమంత పెద్దదిగా. మొదట రోగులను ఏం తిన్నారని అడిగితే కీరా, టమాటా, సలాడ్ ఆకులు అన్నారు. మొలకలు తిన్నామన్నవాళ్లు నలుగురిలో ఒక్కరే. ఈలోగా హాంబర్గ్‌లో స్పెయిన్ కీరాలను పరీక్షిస్తే ఈ.కోలై నిజంగానే దొరికింది. కీరాలే కారణమని ప్రకటన చేసేశారు. కొద్ది రోజులకి తేలిందేమిటంటే, అది రోగుల్లో ఉన్న ఓ104:హెచ్4 రకం కాదు. నాకు కోపం వచ్చింది అక్కడే: రోగుల్లోని క్రిమితో పోల్చి చూసేదాకా రెండు రోజులు ఆగలేరా? స్పెయిన్ రైతుల పంట కొనే దిక్కులేక పోయింది. నష్టపోయిన రైతులకు యూరోపియన్ యూనియన్ 20 కోట్ల యూరోలకు పైగా పరిహారం కట్టాల్సి వచ్చింది.

అప్పుడు జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ రాబర్ట్ కోచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేసిన పని మాత్రం నేను ఎంతోమంది కుర్రవాళ్లకి పాఠంగా చెప్పాను. రోగులను అడగడం ఆపేసి వంటవాళ్లను అడిగారు. ఒకే రెస్టారెంట్‌లో గుంపులుగా తిన్నవాళ్ల బిల్లులు, వాళ్లు తీసుకున్న ఫోటోలు తెప్పించి ఎవరు ఏ వంటకం తిన్నారో తేల్చుకున్నారు. ఆ వంటకంలో ఏమేం వేస్తారు, పైన అలంకారానికి ఏం పెడతారు అని వంటవాళ్లను అడిగారు. మొలకలు పడ్డ ప్లేటు తిన్నవాళ్లకి జబ్బు ముప్పు, పడనివాళ్లకంటే 14 రెట్లు ఎక్కువ. జబ్బుపడ్డ ప్రతి ఒక్కరి ప్లేటులోనూ మొలకలున్నాయి. ఇంకోపక్క 41 చోట్ల గుంపుగా జబ్బుపడ్డవాళ్లకి సరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో వెనక్కి పట్టుకుపోతే, అన్నీ లోయర్ సాక్సనీలోని ఒకే మొలకల కేంద్రం గుమ్మంలో తేలాయి. జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గర అదే రకం క్రిమి బయటపడింది. అక్కడ మొలకలు స్థానికంగానే మొలకెత్తించారు. రెండు దేశాలకీ ఉమ్మడిగా మిగిలింది 2009లో ఈజిప్టు నుంచి దిగుమతైన ఒకే విడత (లాట్) మెంతులు, 15 టన్నులు.

ఆ మెంతుల్లో క్రిమి దొరకలేదన్న మాట నిజమే. కానీ టన్నుల గింజల్లో పరీక్షకి వెళ్లేవి గుప్పెడు. ఎక్కడో ఒక గింజకి అంటిన క్రిమి వెచ్చగా, తడిగా ఉన్న మొలకల డబ్బాలో కోట్లుగా పెరుగుతుంది. పైగా శాంపిల్ తీసే వేళకి అసలు సరుకు ఎప్పుడో జనం కడుపుల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. ల్యాబ్ రుజువు దొరికిన కీరా నిర్దోషి, దొరకని మొలకలు దోషి. మొత్తం 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, ఒక్క జర్మనీలోనే 53 మంది చనిపోయారు. ల్యాబ్ కాగితం వచ్చేదాకా మొలకల అమ్మకం ఆపకుండా కూర్చుని ఉంటే ఇంకెంతమంది పోయేవారో!

ప్రశ్న: అనుమానం వచ్చిన ఆకుకూర సంచీని వెంటనే పారేయాలా?

జవాబు: వద్దు. తినొద్దు, పారేయనూ వద్దు. 2006లో అమెరికాలో పాలకూర వల్ల 200 మంది దాకా జబ్బుపడి ముగ్గురు చనిపోయినప్పుడు, దారి చూపింది రోగుల ఫ్రిజ్‌లలో సగం వాడి వదిలేసిన సంచులే. వాటి మీది లాట్ నంబర్లను బట్టి ఒకే రోజు ప్యాక్ చేసిన సరుకుని, అక్కణ్నుంచి కాలిఫోర్నియాలోని పొలాలను పట్టుకున్నారు. అక్కడి పశువుల పేడలో, అడవిపందుల్లో అదే రకం క్రిమి కనబడింది. అది ఆకు మీదికి సరిగ్గా ఏ దారిన వచ్చిందో మాత్రం చివరిదాకా తేలలేదు.

కాబట్టి ఆ సంచీని అలాగే ఇంకో కవర్‌లో పెట్టి మూతి కట్టి, "తినకూడదు" అని రాసి, ఫ్రిజ్‌లో కింది అరలో విడిగా ఉంచండి. ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి. బిల్లు దాచి, ఆరోగ్య శాఖవాళ్లకి కబురు చేయండి. అన్నిటికంటే ముందు లాట్ నంబరుకి ఒక ఫోటో తీసిపెట్టుకోండి. ఫ్రిజ్ తడికి ఆ సిరా చెరిగిపోతుంది.