తల్లీ, మళ్ళీ పిప్ ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఇది చదువు

తల్లీ,

నిన్న రాత్రి నువ్వు 500డీ బస్సులో నిలబడి ఫోన్ చేస్తే సగం మాటలు హారన్లలోనే పోయాయి. నాకు అర్థమైంది ఇదీ: టీమ్‌లో అందరి ల్యాప్‌టాప్‌లలో నడిచే పైథాన్ ప్రాజెక్టు నీ దాంట్లో నడవట్లేదు, రెండు రోజులుగా పిప్‌తో, అంటే పైథాన్ లైబ్రరీలు (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) తెచ్చి ఎక్కించే ఆ టూలుతో, ఏదో ఒకటి ఇన్‌స్టాల్ చేస్తూనే ఉన్నావు, చేసిన కొద్దీ ఎర్రర్ మారుతోందే గానీ పోవట్లేదు, సోమవారం లీడ్‌కి ఏం చెప్పాలా అని టెన్షన్. ఫోన్‌లో తేలే విషయం కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను, బీటీఎమ్‌లో పీజీకి చేరాక తీరిగ్గా చదువు.

ముందు ఇన్‌స్టాల్ చెయ్యడం ఆపు. ఈ మాట ఎందుకంటున్నానో నా అనుభవం చెబుతాను. 2009లో ఇక్కడే బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చేసేటప్పుడు, కస్టమర్ లినక్స్ సర్వర్‌లో ఒక లైబ్రరీ పాత పైథాన్ 2.4తో నడవడం లేదని, రూట్‌గా, అంటే పూర్తి అధికారాలతో, లాగిన్ అయ్యి సిస్టమ్ పైథాన్‌నే కొత్త వెర్షన్‌కి మార్చేశాను. నా ప్రోగ్రామ్ నడిచింది. అయితే ఆ సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే యమ్ అనే టూలు కూడా పైథాన్‌లో రాసిందే, అది ఆ పాత పైథాన్ మీదే బతుకుతోంది. అది ఆగిపోయింది, దాంతో సరిచేసుకునే దారి కూడా మూసుకుపోయింది. తెల్లవారుజాము దాకా అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఉబుంటు లాంటి లినక్స్‌లు సిస్టమ్ పైథాన్‌లో పిప్ వాడబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అని అడ్డుకుంటున్నాయంటే ఇలాంటి రాత్రుల వల్లే. ఆ హెచ్చరిక దాటడానికి నెట్‌లో ఒక ఆప్షన్ దొరుకుతుంది, ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అని. దాని పేరులోనే ఉంది అది చేసేది, వాడకు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ‘నంపై డాట్ డీటైప్ సైజ్ చేంజ్డ్’ అని, 96 అనుకుంటే 88 వచ్చిందని చివరి లైన్లో ఉంది. నీ సమస్య మొత్తం ఆ లైన్లోనే ఉందమ్మా, నువ్వేమో పైన ఉన్న నలభై లైన్లు చూసి భయపడ్డావు. పైథాన్ ఎర్రర్‌ని ఎప్పుడూ కింద నుంచి పైకి చదవాలి. నంపై అంకెల లెక్కల లైబ్రరీ, పాండాస్ దాని మీద కట్టిన, పట్టికల డేటాతో పనిచేసే లైబ్రరీ. పాండాస్ లోపల చాలా భాగం సీలోకి కంపైల్ అయి ఉంటుంది, కంపైల్ చేసినప్పుడు నంపై లోపలి వస్తువుల సైజు ఎంతో అందులో రాసిపెట్టుకుంటుంది. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చినప్పుడు ఆ లోపలి కొలతలు మారాయి. కొత్త నంపైకి సరిపడేలా వచ్చిన మొదటి పాండాస్ 2.2.2. మీ రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో, అంటే ప్రాజెక్టుకి కావాల్సిన లైబ్రరీల జాబితాలో, పాండాస్ 2.0.3 అని కచ్చితంగా ఉంది, నంపై పక్కన మాత్రం ఏ నంబరూ లేదు. మీ టీమ్ వాళ్ళు పాత రోజుల్లో ఇన్‌స్టాల్ చేసుకున్నారు, వాళ్ళకి నంపై 1.26 వచ్చి అలాగే ఉండిపోయింది. నువ్వు పోయిన నెల చేరావు, పిప్ నీకు సరికొత్తది తెచ్చి పెట్టింది. తప్పు నీది కాదు, ఆ ఫైలుది. ఈ మాట లీడ్‌కి ధైర్యంగా చెప్పొచ్చు.

‘పిప్ చెక్ కొడితే అంతా బాగానే ఉందంటోంది’ అన్నావు కదా. ఎక్కించినవి ఒకదానికొకటి సరిపోతున్నాయా అని చూసే కమాండ్ అది. పిప్‌కి తెలిసేది ప్యాకేజీ తన గురించి రాసుకున్న మాటే. పాండాస్ 2.0.3 వచ్చే నాటికి నంపై 2 లేదు, అందుకని ‘కనీసం ఇంత ఉండాలి’ అని రాసుకుంది గానీ ‘ఇంతకు మించకూడదు’ అని రాసుకోలేదు. కాబట్టి పిప్ చెక్ బాగుందంటే కాగితాల మీద బాగుందని మాత్రమే అర్థం.

ఆ తర్వాత నువ్వు పాండాస్‌ని కొత్త వెర్షన్‌కి లాగావు, అప్పుడు మీ కంపెనీ సొంత లైబ్రరీ ‘నాకు 2.1 లోపే కావాలి’ అని ఎదురు తిరిగింది, ‘రిజల్యూషన్ ఇంపాజిబుల్’ వచ్చింది, అంటే అందరికీ కుదిరే వెర్షన్లు దొరకలేదని. ఆ మెసేజ్ నిజానికి చాలా మర్యాదైనది, ఎవరు ఏం అడుగుతున్నారో వరసగా చెబుతుంది, ‘డిపెండ్స్ ఆన్’ అన్న మాట ఉన్న లైన్లు మాత్రం ఏరి కాగితం మీద రాసుకో. 2020 చివర్లో పిప్ 20.3తో ఈ పద్ధతి వచ్చింది, అంతకుముందు గొడవ ఉన్నా సరే ఏదో ఒకటి ఎక్కించేసేది. అయినా ఇప్పటికీ ఒక లోపం ఉంది: ఒక్కొక్కటీ విడివిడిగా ఇన్‌స్టాల్ చేస్తే, ముందే ఉన్నవాటి కోరికల్ని అది పూర్తిగా లెక్కలోకి తీసుకోదు. పెళ్ళి ముహూర్తానికి పొద్దున వీళ్ళని, సాయంత్రం వాళ్ళని విడిగా అడిగితే ఎలా కుదురుతుంది, రెండు వైపులవాళ్ళనీ ఒకేచోట కూర్చోబెట్టాలి. అన్ని పేర్లూ ఒకే ఫైల్లో పెట్టి ఒకేసారి ఇన్‌స్టాల్ చెయ్యి. ఎవరు ఎవరిని లాక్కొస్తున్నారో చూడటానికి పిప్‌డెప్‌ట్రీ అనే టూలు ఉంది, దానికి రివర్స్ ఆప్షన్ ఇచ్చి నంపై పేరు చెబితే దాని మీద ఆధారపడ్డవాళ్ళందరినీ చూపిస్తుంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ప్రాజెక్టు ఫోల్డర్లో ఉన్న పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ని, అంటే ఈ ప్రాజెక్టు లైబ్రరీల కోసం విడిగా కట్టుకున్న ఫోల్డర్‌ని, డిలీట్ చేసెయ్, దాన్ని బాగుచెయ్యడానికి కష్టపడకు, అది ఎప్పుడైనా పారేసి మళ్ళీ కట్టుకోడానికే ఉంది. కొత్తది కట్టేటప్పుడు పైథాన్ 3.11తోనే కట్టు, ఎందుకంటే పాండాస్ 2.0.3కి 3.12 కోసం ముందే కంపైల్ చేసిన ఫైలు లేదు, నీ ల్యాప్‌టాప్‌లోనే కంపైల్ చెయ్యబోయి ఇంకో వంద లైన్ల ఎర్రర్ ఇస్తుంది. పిప్‌ని నేరుగా పిలవకుండా ‘పైథాన్ -ఎమ్ పిప్’ అని పిలువు, అప్పుడు ఏ పైథాన్‌లోకి వెళ్తోందో అన్న అనుమానం ఉండదు. ‘ఇన్‌స్టాల్ అయింది, కానీ మాడ్యూల్ నాట్ ఫౌండ్ అంటోంది’ అనేవాళ్ళలో చాలామందికి జరిగేది అదే, ఒక పైథాన్‌లో పెట్టి ఇంకో పైథాన్‌లో వెతుకుతుంటారు. నంపైని 2 లోపు అని చెప్పేటప్పుడు ఆ మాటని కోట్స్‌లో పెట్టు, లేకపోతే టెర్మినల్ అందులోని ‘<’ గుర్తుని ‘2 అనే ఫైలు నుంచి చదువు’ అనుకుంటుంది. నడిచాక పిప్ ఫ్రీజ్, అంటే ఎక్కినవాటి వెర్షన్ నంబర్ల జాబితా, తీసి, ఆ నంబర్లతో మార్పుని రివ్యూకి పెట్టు, నీ తర్వాత చేరే పిల్లకి ఈ రెండు రోజులు పోకూడదు.

ఇంకో విషయం, మాడ్యూల్ దొరకనప్పుడు దాని పేరే పిప్‌కి ఇవ్వకు. కోడ్‌లో సీవీ2 అని పిలిచేది ఓపెన్‌సీవీ-పైథాన్ పేరుతో దొరుకుతుంది, పీఐఎల్ అంటే పిల్లో, యామల్ అంటే పైయామల్. దగ్గరి పేర్లతో దొంగ ప్యాకేజీలు పెట్టేవాళ్ళున్నారు, చాట్‌బాట్లు కూడా ఒక్కోసారి లేని పేర్లు చెబుతాయి. కంపెనీ ల్యాప్‌టాప్ అది, పాస్‌వర్డ్‌లు, కీలు అన్నీ అందులోనే ఉంటాయి. ఇక్కడ నిజంగా భయపడు. అధికారిక డాక్యుమెంటేషన్లో పేరు చూసుకున్నాకే కొట్టు. అలాగే నీ సొంత ఫైలుకి రాండమ్ అనో, పాండాస్ అనో పేరు పెట్టకు, పైథాన్ ముందు దాన్నే పట్టుకుంటుంది.

పక్క సీటు అబ్బాయి ఎన్‌పీఎమ్‌లో (జావాస్క్రిప్ట్‌కి పిప్ లాంటిది) ఎర్రర్ వస్తే ఫోర్స్ అని కొట్టేస్తాడన్నావు. అక్కడా ఇదే కథ, రెండు లైబ్రరీలు రియాక్ట్ అనే ఇంకో లైబ్రరీకి వేర్వేరు వెర్షన్లు అడుగుతుంటే వినకుండా ఎక్కించేస్తే అది తర్వాత నడిచేటప్పుడు బయటపడుతుంది. కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే ప్యాకేజ్-లాక్ ఫైల్ గిట్‌లో, అంటే టీమ్ కోడ్ దాచుకునే చోట, ఉంటే ‘ఎన్‌పీఎమ్ సీఐ’ అనే కమాండ్ వాడమను, అందరికీ అవే వెర్షన్లు వస్తాయి.

రేపు ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టాక కూడా ఆగితే, పైథాన్ వెర్షన్, పిప్ లిస్ట్, ఎర్రర్ మొదటి లైన్ నుంచి చివరిదాకా కాపీ చేసి టెక్స్ట్‌గా పంపు, స్క్రీన్‌షాట్ వద్దు, అందులో పైభాగం తెగిపోతోంది. తినకుండా మాత్రం కూర్చోకు, పీజీలో తిండి అయిపోతే మారతహళ్ళి వచ్చెయ్, పెద్దమ్మ పప్పు చేసి ఉంచుతుంది, ఇక్కడే కూర్చుని చేద్దాం.

నీ పెదనాన్న