పాతిక రూటర్లకి స్టాటిక్ రూట్లు సరిపోతాయా, ఓఎస్‌పీఎఫ్‌కి మారాలా?

పాతిక రూటర్లు, సగం చోట్ల రెండేసి లింకులు, ఇప్పటిదాకా అన్నీ స్టాటిక్ రూట్లే, అంటే చేత్తో రాసిన దారులే. ఇకపై రూటర్లే దారులు ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్స్ రిప్, ఓఎస్‌పీఎఫ్, ఈఐజీఆర్‌పీలలో ఏది మేలని మీరు అడిగారు. నేనైతే ఓఎస్‌పీఎఫ్ పెడతాను, మొత్తం ఏరియా 0లోనే, అంటే అన్ని రూటర్లూ ఒకే గుంపులో. ఈ సైజుకి ఏరియాలుగా విడగొట్టే పని లేదు.

ఇలాంటి నెట్‌వర్క్‌ని నేను కొన్నాళ్లు స్టాటిక్ రూట్లతోనే నడిపాను. రూట్లు రాయడం విసుగే కానీ అసలు తలనొప్పి వేరు. రెండు రూటర్ల మధ్య ఒక స్విచ్ ఉండేది. అవతలి కేబుల్ ఊడినా ఇవతలి పోర్టు అప్‌లోనే ఉంటుంది, కాబట్టి ఆ రూట్ రూటింగ్ టేబుల్‌లోంచి కదలదు. బ్యాకప్‌గా రాసుకున్న ఫ్లోటింగ్ రూట్‌కి పనే పడదు, ప్యాకెట్లు మాత్రం మాయమైపోతుంటాయి. ఓఎస్‌పీఎఫ్‌లో అయితే హలోలు (రూటర్లు పదేపదే పంపుకునే పలకరింపు ప్యాకెట్లు) ఆగాక, ఈథర్‌నెట్ మీద మామూలుగా 40 సెకన్లలో పొరుగు రూటర్ పోయిందని తేలిపోతుంది. అదీ ఎక్కువనిపిస్తే బీఎఫ్‌డీ (లింకు పోయిందని ఇంకా త్వరగా పసిగట్టే ప్రోటోకాల్) కలపండి.

రిప్ వద్దు. 15 హాప్‌ల (దారిలో దాటే రూటర్ల) పరిమితి మీకు అడ్డు రాకపోవచ్చు గానీ అది లింకు వేగం చూడదు. ఈఐజీఆర్‌పీ సిస్కోది, మంచిదే, 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7868 అనే బహిరంగ పత్రంగా కూడా వచ్చింది. కానీ సిస్కో కాని రూటర్లలో అరుదుగానే కనిపిస్తుంది.

మారేటప్పుడు స్టాటిక్ రూట్లను వెంటనే తీసేయకండి. సిస్కోలో స్టాటిక్ డిస్టెన్స్ 1, ఓఎస్‌పీఎఫ్‌ది 110; తక్కువున్నదే గెలుస్తుంది. ప్రిఫిక్స్ (అడ్రస్‌ల బ్లాకు) ఒకటే అయితే స్టాటిక్‌దే పైచేయి, కాబట్టి ట్రాఫిక్ కదలకుండానే ఓఎస్‌పీఎఫ్‌ని పక్కన నిలబెట్టుకోవచ్చు. మీ స్టాటిక్ రూట్లు చాలా సబ్‌నెట్లను కలిపేసిన పెద్ద సమ్మరీలైతే మాత్రం జాగ్రత్త: ఓఎస్‌పీఎఫ్ తెచ్చే చిన్న ప్రిఫిక్స్‌లు, డిస్టెన్స్ ఎంతున్నా, అప్పటికప్పుడే ట్రాఫిక్ లాగేసుకుంటాయి. నైబర్లు ఫుల్ స్టేట్‌కి (సమాచారం పూర్తిగా పంచుకున్న దశకి) వచ్చాయో లేదో, డేటాబేస్‌లో అన్ని సబ్‌నెట్లూ ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు తీయండి. ఒక దారి మీదున్న రూటర్లన్నిటిలో ఒకే విడతలో తీయాలి. సగంలో ఆపితే లూప్ పడొచ్చు.

రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ కూడా మార్చాలి. లింకు వేగాన్ని దీంతో పోల్చే ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ లెక్కిస్తుంది, కాస్ట్ తక్కువున్న దారినే ఎంచుకుంటుంది. సిస్కో రూటర్ల ఐఓఎస్‌లో అది 100 మెగాబిట్లే, అలాగే వదిలేస్తే 100 మెగాబిట్ లింకుకీ 10 గిగాబిట్ లింకుకీ కాస్ట్ 1 అవుతుంది. ఎంత పెట్టినా అన్ని రూటర్లలో అదే ఉండాలి. యూజర్ల వైపు ఇంటర్‌ఫేస్‌లను పాసివ్ చేయండి, అంటే అటు హలోలు పోకుండా.

ఇంటర్నెట్ వైపు డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియని ప్యాకెట్లు వెళ్లేది) స్టాటిక్‌గానే ఉండనిచ్చి, అంచు రూటర్ నుంచి ఓఎస్‌పీఎఫ్‌లోకి వదలండి. ఒకే లింకున్న చిన్న బ్రాంచీలనైతే తొందరపడి మార్చక్కర్లేదు.